చుట్టరికానికి జరిమానా వేసిన అధ్యక్షులు

1986 మార్చి 3వ తేదీ, సోమవారం ఉదయం, శ్రీమతి లిసెపా తెవాలు గారు మన వైతోఫా ద్వీప శాసనసభ కార్యాలయంలో లేఖకురాలిగా విధులలో చేరారు. చేరారనడానికి ఆ ఉదయం అక్కడ కోళ్ళు తప్ప వేరే సాక్షులు లేరు. పగడపు దిబ్బకు అవతల ట్యూనా చేపల గుంపు కనిపించిందన్న కబురు తెల్లవారుతూనే రావడంతో, నాటి కార్యదర్శి మొదలుకొని కాపలాదారు వరకు యావత్ సిబ్బందీ పడవలెక్కి వెళ్ళిపోయారు. ఇరవై రెండేళ్ళ లిసెపా గారు కొత్త బట్టలతో మెట్ల మీద కూర్చుని, కూర్చుని విసుగెత్తి, చీపురు అందుకుని సభామందిరాన్ని ఊడ్చి, కోళ్ళను బయటికి తోలి, సాయంకాలం వరకు కదలకుండా ఉన్నారు. చేపలతో తిరిగి వచ్చిన కార్యదర్శి గారు కాస్త మొహమాటపడి, "రేపటి నుంచి చేరినట్టు రాసుకుందాంలేమ్మా" అన్నారట.

"నేను ఈ రోజే వచ్చానండీ. మీరు లేకపోతే అది నా తప్పా?" అని వారు అడిగారట.

దాంతో కార్యదర్శి గారు సోమవారం తేదీయే వేసి, పైగా ఒక చేపను కూడా చేతిలో పెట్టి పంపారు. ఎదుటివారు ఎంతటివారైనా సరే, జరిగినది జరిగినట్టే నమోదు కావాలన్న ఆ పట్టుదల ముప్పై ఎనిమిదేళ్ళ పాటు ఈ సభను నిటారుగా నిలబెట్టింది. అదే పట్టుదల వారికి పన్నెండేళ్ళ దుఃఖాన్ని కూడా తెచ్చిపెట్టింది. పదవీ విరమణ సంచికకు రాసే అభినందన వ్యాసంలో దుఃఖం సంగతి దేనికని సంపాదకవర్గం వారు నన్ను వారించారు. అది లేకుండా వారి గొప్పతనం చెప్పడం నా వల్ల కాదు కనుక ఓపికతో చదవవలసిందిగా మనవి.

లేఖకురాలిగా చేరిన లిసెపా గారు స్వయంకృషితో సహాయ కార్యదర్శిగా, అటుపిమ్మట కార్యదర్శిగా పదోన్నతి పొందారు. నేను 1995లో వారి కింద చిరుద్యోగిగా చేరాను. నాకు పని నేర్పింది వారే. సభ్యుల ప్రసంగాలను నేను మర్యాదగా మెరుగులు దిద్ది రాసిన మొదటి కాగితాన్ని చదివి, వారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"ఫిలెమోనీ, ఆయన ఏం చెప్పాలనుకున్నాడో నువ్వెందుకు రాశావు?"

"బాగుంటుందనండీ."

"బాగోకపోతే ఆయన తిప్పలు ఆయన పడతాడు. ఏం చెప్పాడో అది రాయి."

నేటి వరకు నేను అలాగే రాస్తున్నాను. అందుకు కొందరు సభ్యులు నన్ను నేటి వరకు క్షమించలేదు.

2006లో సభ వారిని ఏకగ్రీవంగా అధ్యక్ష స్థానానికి ఎన్నుకున్నది. మన సంప్రదాయం ప్రకారం అధ్యక్షులు పద్నాలుగు మంది సభ్యులకు వెలుపలి వ్యక్తియై ఉండాలి, ఏ పక్షానికీ చెందరాదు, ఓటు వేయరాదు. ఓట్లు సరిసమానంగా చీలినప్పుడు మాత్రమే నిర్ణాయక ఓటు వారిది. అయితే ఇంత చిన్న ద్వీపంలో వెలుపలి వ్యక్తి అన్న మాటకు అర్థమేమిటో ఆ దేవుడికే తెలియాలి. లిసెపా గారు ఆ ఆసనంపై కూర్చుని చూసేసరికి ఎదురుగా ఉన్నవారిలో ఒకరు తమ్ముడు, ఇద్దరు మేనల్లుళ్ళు, ఒకరు మరిది, మిగిలినవారిలో అధికులు ఏదో ఒక వరుసకు బంధువులే. నా మట్టుకు నాకు వారు వరుసకు మేనత్త.

బాధ్యతలు స్వీకరించిన నాడే, ఏదో పెద్ద దేశం వారు కానుకగా పంపిన సభాధ్యక్షుల కొయ్య సుత్తి, ఉప్పుగాలికి పుచ్చిపోయి ఉన్నదేమో, తొలి దెబ్బకే రెండు ముక్కలైంది. మర్నాడు వారు తమ వంటింట్లోని రాతి రోకలిని సంచిలో వేసుకుని వచ్చి బల్ల మీద ఉంచారు. ఒక గంట గడిచేసరికి మందిరం పిట్టగోడ అవతల వారి భర్త సెఫో గారు ప్రత్యక్షమయ్యారు.

"ఏమేవ్, చేమదుంపలు దేంతో దంచుకోమంటావు?"

"వీక్షకులు నిశ్శబ్దం పాటించాలి," అన్నారు అధ్యక్షులు, తల ఎత్తకుండా.

సెఫో గారు చాలా కాలం దుంపలు ముక్కలుగానే తిన్నారు. ఆ త్యాగాన్ని కూడా ఈ సందర్భాన స్మరించుకోవడం మన విధి.

వారి పాలనలో అమలులోకి వచ్చిన నియమాలలో అత్యంత ప్రసిద్ధమైనది చుట్టరిక నియమం. నీళ్ళ తొట్టెల కేటాయింపుపై చర్చ వేడెక్కిన ఒక మధ్యాహ్నం, వారి మేనల్లుడైన యువ సభ్యుడు తౌలియా గారు ఆవేశంలో చెయ్యి ఊపుతూ, "అత్తా, నువ్వే చెప్పు! ఆ తొట్టి ఎవరిదో నీకు తెలీదా?" అని అడిగేశారు. రోకలి ఠంగుమని మోగింది.

"సభలో నాకు మేనల్లుళ్ళు లేరు."

"సాయంత్రం ఇంటికొస్తే ఉంటారా అధ్యక్షా?"

"వచ్చినప్పుడు చూద్దాం. ముందు కూర్చోండి."

ఆ వారంలోనే నియమం వెలువడింది. సభాంగణంలో ఎవరైతే చుట్టరికాన్ని నోట తెస్తారో, వారు మరుసటి రోజు మధ్యాహ్నం సభకంతటికీ భోజనం పెట్టాలి. డబ్బు జరిమానా వేస్తే అప్పు చేసైనా కట్టి మళ్ళీ అదే తప్పు చేస్తారని, వండి మోసుకొస్తే బుద్ధి వస్తుందని వారి ఆలోచన. బుద్ధి వచ్చిందో లేదో గాని సభ వంటశాల కళకళలాడింది. తౌలియా గారు మాత్రం నోరు జారకుండా ఉండాలని అన్ని పక్షాలూ కోరుకునేవి, ఎందుకంటే వారి ఇంటి వంట ఒకసారి తిన్నవారెవరూ రెండోసారి అడగలేదు. ఆ కుటుంబం పట్ల నాకున్న గౌరవం దృష్ట్యా ఇంతకు మించి రాయను.

అందుకు పూర్తిగా విరుద్ధం, అధ్యక్షుల తమ్ముడు పెనియామిన గారు. దక్షిణ గ్రామ సభ్యులు, సరుకు పడవల బృందానికి నాయకులు, ఓడ నుంచి తీరానికి ఈ ద్వీపం తినే ప్రతి బియ్యపు గింజనూ దాటించినవారు. మనిషి ఆరడుగులు, కోపం పన్నెండడుగులు. ఎంత జాగ్రత్తపడినా మూడో వాక్యానికల్లా "అది కాదక్కా" అనేసేవారు. మరునాడు పొగబెట్టిన ఎగిరే చేపలు, కొబ్బరిపాలలో ఉడికిన సీమపనస బుట్టలకొద్దీ వచ్చేవి. ఆయన మాట్లాడడానికి లేస్తే చాలు, సభ వంటమనిషి లాగి గారు మర్నాటికి పేర్చిన కట్టెలు తీసేసేవారు.

2012 సెప్టెంబరులో ఆ పెనియామిన గారే తమ జీవితకాలపు తీర్మానాన్ని సభ ముందుంచారు. ఓడల నుంచి సరుకు తెచ్చే పడవలు పగడపు దిబ్బలోని ఇరుకు దారి గుండా రావాలి. అల ఒక్క క్షణం ముందు వచ్చినా పడవ తిరగబడుతుంది. ఆ అక్కాతమ్ముళ్ళ తండ్రిగారు ఆ దారిలోనే, ఊరంతా ఒడ్డున నిలబడి చూస్తుండగానే మరణించారు. ఆ దిబ్బను మందుగుండుతో పేల్చి దారిని వెడల్పు చేయాలని తీర్మానం. చేపలు గుడ్లు పెట్టేది అక్కడేనని, పేలిస్తే రేపు తినడానికేమీ మిగలదని ఉత్తర గ్రామంవారి వాదన. రెండు వైపులా న్యాయం ఉన్నది. రోజంతా చర్చించి చేతులెత్తితే ఏడుగురు అటు, ఏడుగురు ఇటు.

సభ మొత్తం అధ్యక్షుల వైపు తిరిగింది. పెనియామిన గారి ముఖంలో గెలుపు ఎంత స్పష్టంగా ఉన్నదంటే, పక్కవారు అప్పుడే ఆయన భుజం తట్టారు. తండ్రి పోయిన దారి గురించి కన్నకూతురు వేరేలా ఎలా ఓటు వేయగలదు? కాని నిర్ణాయక ఓటుకు మన సభలో తరతరాల ఆచారం ఒకటున్నది. సభ సగానికి సగం చీలినప్పుడు అధ్యక్షులు ఉన్నదాన్ని ఉన్నట్టే ఉంచాలి. మార్పు సభ్యుల చేతుల మీదుగా రావాలి గాని ఆసనం మీద నుంచి రాకూడదు. లిసెపా గారు రోకలి మీద చెయ్యి ఉంచి, చూపు బల్ల మీది నుంచి ఎత్తకుండా, "అధ్యక్ష స్థానం వ్యతిరేకం. తీర్మానం వీగిపోయింది," అన్నారు.  పక్కనే కూర్చున్న నేను అదే నమోదు చేశాను.

ఆ ఓటు వల్లనే చర్చ మళ్ళీ జరిగిందనీ, మరుసటి ఏడాది ఉత్తరపు కొసన అప్పటికే చచ్చిపోయిన దిబ్బను తొలిచి కొత్త దారి వేయడానికి పద్నాలుగు మందీ చేతులెత్తారనీ, నేడు అటు పడవలూ ఇటు చేపలూ క్షేమంగా ఉన్నాయనీ అందరికీ తెలిసిందే. తొలి పడవను ఆ దారిలో నడిపింది పెనియామిన గారే. అయినా ఆయన అక్కతో మాట్లాడలేదు. ఓడినందుకు కాదట. "నా ముఖం కూడా చూడకుండా ఓడించింది," అని తీరంలో ఒకసారి నాతో అన్నారు. ఇరుగు పొరుగు ఇళ్ళు, మధ్యలో మందార కంచె, అటు వైపు తమ్ముడి దగ్గర తల్లి. వీధిలో ఎదురైతే ఆయన సముద్రం చూసేవారు, వారు ఆకాశం చూసేవారు.

అయితే సభలో సభ్యుడు అధ్యక్షులను సంబోధించకుండా నోరు విప్పడానికి వీలులేదు. సభ్యుడు లేచి నిలబడితే అధ్యక్షులు జవాబివ్వకుండా ఉండడానికీ వీలులేదు. అప్పటి వరకు నియమాల పుస్తకం తెరిచి ఎరుగని పెనియామిన గారు, ఉన్నట్టుండి రోజూ నియమ ప్రస్తావన అంటూ లేవడం మొదలుపెట్టారు. ఒక మచ్చుతునక నా నమోదుల నుంచి యథాతథంగా ఉటంకిస్తున్నాను.

"అధ్యక్షా, నియమ ప్రస్తావన. పడమట మబ్బు పట్టింది. ఈ ఊళ్ళో కొందరు కొబ్బరి ఆరబెట్టుకుని దాని సంగతి మర్చిపోయి సభలకొచ్చి కూర్చుంటారు. దీన్ని సభ దృష్టికి తెస్తున్నాను."

"సభ్యులు లేవనెత్తిన అంశం ఏ నియమం కిందికీ రాదు. తిరస్కరిస్తున్నాను. సభకు పావుగంట విరామం."

పావుగంట విరామంలో అధ్యక్షులు పరుగున ఇంటికి వెళ్ళి కొబ్బరి లోపల వేసి వచ్చారు. వారు కూడా తక్కువ తినలేదు.

"దక్షిణ గ్రామ సభ్యులు నిన్న సభకు రాలేదు. కారణం చెప్పాలి. రికార్డు కోసం."

"అమ్మకి మోకాలు పట్టేసింది, అధ్యక్షా."

"ఏ కాలు? రికార్డు కోసం."

"ఎడమ కాలు, అధ్యక్షా."

"నూనె రాశారా? వేడి చేసి రాశారా, చల్లదే రాశారా? రికార్డు కోసం."

ఇలా పన్నెండేళ్ళు. ఆ ఇంట్లో పెళ్ళిళ్ళు, జ్వరాలు, మనవరాలి తొలి పన్ను, చివరికి తల్లిగారి మరణవార్త సైతం సభా కార్యక్రమాల మధ్యన, అధ్యక్షా అన్న సంబోధనతోనే అక్కకు చేరాయి. సభ్యులెవరూ నవ్వేవారు కాదు, సమయం వృథా అని ఎవరూ ఫిర్యాదు చేయలేదు. ఈ సభ గొప్పతనం గురించి నన్నెవరైనా అడిగితే నేను ముందుగా చెప్పేది ఈ సంగతినే. ఒక్క లాగి గారు మాత్రం అప్పుడప్పుడు నిట్టూర్చేవారు. "ఆయన అక్కా అనడం మానేశాక మన వంటింటికి కరువొచ్చింది బాబూ." నిజమే. పన్నెండేళ్ళలో ఆయన ఒక్కసారీ నోరు జారలేదు.

అధ్యక్ష పదవికి వయోపరిమితి అరవై. ఈ ఏడాది ఆ గడువు దగ్గరపడుతున్నకొద్దీ పెనియామిన గారు సన్నబడ్డారు. కుర్చీ పోతే మాట పోతుంది, ఆయనకు అక్కతో మాట్లాడడానికి భూమి మీద వేరే చోటు లేదు. కంచె దాటి నాలుగడుగులు వేస్తే సరిపోయేది గాని, పన్నెండేళ్ళు గడిచాక ఆ నాలుగడుగులూ నడవడం ఎలాగో ఆయనకు తెలియలేదు. అందుచేత తమకు తెలిసిన దారిలోనే వెళ్ళారు. ఆఖరి సమావేశం రోజున ఒక తీర్మానం పెట్టారు. అధ్యక్షుల వయోపరిమితిని అరవై ఐదుకు పెంచాలి.

చర్చ సుదీర్ఘంగా, ఆప్యాయంగా సాగింది. వ్యతిరేకించినవారు సైతం వారిని పొగుడుతూనే వ్యతిరేకించారు. మరిది గారు లేచి, తమ అన్న సెఫో గారు పద్దెనిమిదేళ్ళుగా రోకలి కోసం ఎదురుచూస్తున్నారని, దయచేసి ఇంటికి పంపమని వేడుకున్నారు. చేతులెత్తించి లెక్కపెట్టి, ఆ లెక్కను నమ్మలేక మళ్ళీ లెక్కపెట్టాను. ఏడుగురు అటు, ఏడుగురు ఇటు.

నేను వంగి మెల్లగా అడిగాను. "అధ్యక్షా, మీ సంగతి మీరే తేల్చవచ్చా?"

"నాకు లాభం వచ్చేలా ఓటేయకూడదని నియమం. నష్టం వచ్చేలా వేయకూడదని ఎక్కడా లేదు," అన్నారు వారు.

 ఏమి జరగబోతున్నదో అందరికీ తెలుసు, పెనియామిన గారికి అందరికంటే బాగా తెలుసు. ఆయన బెంచీ అంచు పట్టుకుని తల దించుకున్నారు. లిసెపా గారు రోకలి ఎత్తారు, కాని కొట్టలేదు. తమ్ముడు తల ఎత్తే వరకు ఆగారు. ఎత్తాక ఆయన కళ్ళలోకి సూటిగా చూస్తూ, చూపు మరల్చకుండా, నీళ్ళు కారుతుంటే తుడుచుకోకుండా చెప్పారు.

"అధ్యక్ష స్థానం వ్యతిరేకం. తీర్మానం వీగిపోయింది."

"అక్కా!" అన్నారు పెనియామిన గారు.

అంత పెద్ద మనిషి నోట అంత చిన్న మాట. ఆ వెంటనే ఆయన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. వంటశాల గుమ్మంలో లాగి గారు బిగ్గరగా దేవుడికి దండం పెట్టారు. అప్పుడు రోకలి మోగింది.

"దక్షిణ గ్రామ సభ్యులు సభలో చుట్టరికం తెచ్చారు. నియమం ప్రకారం రేపు మధ్యాహ్నం భోజనం పెట్టాలి."

"రేపు సభ లేదు కదా అధ్యక్షా," అన్నారు తౌలియా గారు, ఉండబట్టలేక.

"సభ లేకపోతే జరిమానా పోతుందా? మా ఇంటికి తెచ్చి పెట్టాలి. రికార్డు కోసం చెబుతున్నాను, వాకిట్లో పెట్టి వెళ్ళిపోవడానికి వీల్లేదు. కూర్చుని తినాలి."

నమోదు చేశాను. ముప్పై ఏళ్ళకు దగ్గరపడిన నా ఉద్యోగంలో నేను రాసుకున్న వారి ఆఖరి ఆదేశమది. అక్షరాలు కాస్త అలుక్కుపోయి ఉంటే భావి పరిశోధకులు మన్నింతురు గాక.

మరునాడు మధ్యాహ్నం, సిబ్బంది తరఫున జ్ఞాపికగా నేయించిన చాపను అందజేసే నెపంతో నేను వారింటనే ఉన్నాను. నెపం అని ఎందుకంటున్నానంటే, చాప సాయంత్రం ఇచ్చినా సరిపోయేది. సెఫో గారు తిరిగొచ్చిన రోకలితో చేమదుంపలు దంచుతూ ఊరికంతటికీ వినిపించేలా చప్పుడు చేస్తున్నారు. మందార కంచె కదిలింది. పెనియామిన గారు వీధి దారిన కాక, చిన్నప్పటిలా కంచెలోంచి దూరి, తలనిండా ఆకులతో, రెండు చేతుల్లో బుట్టతో వచ్చి వాకిట్లో నిలబడిపోయారు. ఏం పిలవాలో ఆయనకు తోచలేదు. లిసెపా గారు లేచి వెళ్ళి బుట్ట మీది అరిటాకు ఎత్తి చూశారు.

"ఏరా, చేపలకి ఉప్పు సరిగ్గా పట్టించావా?"

ఆయన తల విదిలించి ఆకులు రాల్చుకున్నారు. "రికార్డు కోసం అడుగుతున్నావా?"

"కాదురా. ఆకలేస్తోంది."

తింటూ తింటూ మధ్యలో, ఎవరూ అడగకుండానే, వారు తమ్ముడితో ఇంకో మాట అన్నారు. "ఆ రోజు నీ ముఖం చూసి ఉంటే నా చెయ్యి నీ వైపే లేచేదిరా. అందుకే చూడలేదు."  ఆయన తన ఆకులోని పెద్ద చేపను తీసి అక్క ఆకులో వేశారు. వారు దాన్ని మళ్ళీ ఆయన ఆకులో వేశారు. ఈ వ్యవహారం కొంత సేపు సాగింది. చివరికి ఆ చేపను నేను తిన్నాను.

న్యాయాన్ని నిలబెట్టడానికి ప్రేమను పక్కన పెట్టగలగడం గొప్పే. పక్కన పెట్టిన ప్రేమను పన్నెండేళ్ళు పాడవకుండా కాపాడుకోవడం అంతకంటే గొప్ప అని నాకు అనిపిస్తుంది. శ్రీమతి లిసెపా గారు ఆ రెండూ చేశారు. వారి ఆసనంపై రేపు ఎవరు కూర్చున్నా ఆ ఎత్తుకు మెడ సాచి చూడవలసిందే. వారి మోకాళ్ళు వారి తల్లిగారి మోకాళ్ళలా కాక దృఢంగా ఉండాలని, ఆరబెట్టిన కొబ్బరి వానకు తడవకుండా ఉండాలని, మందార కంచెలో పడిన ఆ దారి మళ్ళీ మూసుకుపోకుండా ఉండాలని, సెఫో గారితోనూ తమ్ముడితోనూ వాదిస్తూ, ఏ వాదనకూ రోకలి అవసరం పడకుండా, నిండు ఆరోగ్యంతో నూరేళ్ళ పైచిలుకు జీవించాలని సభ యావన్మంది సిబ్బంది పక్షాన మనసారా కోరుకుంటున్నాను.

నూరేళ్ళు చల్లగా ఉండు, అత్తా.

ఈ సంచిక సభ వారి ప్రచురణ కనుక, పై వాక్యానికి చుట్టరిక నియమం వర్తిస్తుందని నాకు తెలుసు. సీమపనస పొయ్యి మీద ఉంది. రేపు మధ్యాహ్నం, కంచెలోంచే వస్తాను.

ఫిలెమోని,
సభా కార్యదర్శి